ఫిన్నీ నిదానం

గవర్నర్‌పేట, విజయవాడ
జూన్ 14

ఒరేయ్ ఫిన్నీ,

మోకాలు తప్ప మిగతా నేనంతా క్షేమం. ఆపరేషన్ బాగానే జరిగిందట. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. మా ఇల్లు రెండో అంతస్తు కాబట్టి దిగడానికీ లేదు. ఎరువుల కొట్టు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. నేను వెళ్ళకపోతేనే వ్యాపారం బాగుందని రాజేశ్వరి వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటంటావు. ఫోనులో నీకు సగం వినపడదు, మిగతా సగం వినపడనట్టు నటిస్తావు. పైగా ఈ సంగతి కాగితం మీద ఉండాలి. నేను నీ మీద పుస్తకం రాస్తున్నాను.

నవ్వకు. కచేరీల మీద పత్రికలకి రాయబట్టి నలభై ఏళ్ళయింది. నా సమీక్షకి జంకని విద్వాంసుడు ఈ ఊళ్ళో లేడు. అలాంటిది, నాతో కాలేజీలో ఒకే బల్ల మీద కూర్చున్నవాడు కలకత్తా వెళ్ళి, హోటళ్ళలో జాజ్ పియానో వాయించి, సొంతంగా పాటలు కట్టి రెండు క్యాసెట్లు తెస్తే, వాటి మీద నేను ఒక్క వాక్యం రాయలేదు. అర్థంకాక రాయలేదు. ఇప్పుడు మంచం మీద తీరికే తీరిక. నువ్వు పాట ఎలా కడతావో, ఎందుకలా కడతావో తేల్చే దాకా వదలను. అటక మీంచి నీ క్యాసెట్లు దింపించాను. టేప్ రికార్డర్ మూలిగింది గాని తిరగలేదు. రిపేరుకి పంపితే మోటారు పోయిందని, ఇంకెందులోదో తీసి వేశారు. ఇప్పుడు చక్కగా తిరుగుతోంది.

రెండో సంగతి. మా సంగీత సభ కార్యదర్శి దుర్గాశంకర్ డిసెంబరులో పుస్తకం ఆవిష్కరణ పెడదామన్నాడు, అదే సాయంత్రం నీ కచేరీ. హైదరాబాదు నుంచి పియానో అద్దెకి తెప్పిస్తాడట. ఎక్కడెక్కడో వాయించావు, మన విజయవాడలో ఒక్కసారీ వాయించలేదు. సరే అని వెంటనే రాయి.

నీ
సుబ్బారావు


బందరు
జూన్ 25

ఒరేయ్ సుబ్బారావూ,

నీ ఉత్తరం తెరేసమ్మ చదివి వినిపించింది. పుస్తకం అన్నచోట ఇద్దరం నవ్వాం. నవ్వొద్దన్నావు కాబట్టి మరికాస్త నవ్వాం.

సరే, రాయదలుచుకుంటే ముందు ఈ కాస్త తెలుసుకో. జాజ్‌లో మొదట పాట ఒకసారి ఉన్నదున్నట్టు వాయిస్తాం. మీ పల్లవి అనుకో. తర్వాత ఆ పాట చట్రం మాత్రం ఉంచుకుని, దాని మీద అప్పటికప్పుడు తోచింది వాయించుకుంటూ చుట్లు తిరుగుతాం. చివర్న మళ్ళీ పాటకొస్తాం. మీ వాళ్ళు చేసేదీ అదే, కాకపోతే మీరు నేల మీద కూర్చుని చేస్తారు. నేను కట్టినవాటిలో కాస్త చెప్పుకోదగ్గవి ‘బందరు లాకులు’, ‘తెరేసమ్మ కోపం’. రెండోదాని మీద నువ్వేం రాసినా ముందు ఆవిడకి చూపించాలి.

నువ్వు తొడ మీద తాళం వేసుకుంటూ వింటావని నాకు తెలుసు. వెయ్యి. నీ తొడే కదా.

కచేరీ సంగతి తర్వాత చూద్దాం. డిసెంబరులో మంచు ఎక్కువ. రాజేశ్వరి వదినని అడిగానని చెప్పు.

ఫిన్నీ


గవర్నర్‌పేట
జులై 20

ఒరేయ్ ఫిన్నీ,

మంచు ఎక్కువా? కచేరీ హాల్లోనా, పొలంలోనా?

నీ ‘బందరు లాకులు’ విన్నాను. మొదటిసారి వింటూ నిద్రపోయాను, అది మాత్రల వల్ల. రెండోసారి లేచి కూర్చున్నాను. ఇప్పుడు మా ఇంట్లో పొద్దున లేస్తే అదే పాట. రాజేశ్వరి పప్పు కడుగుతూ ఆ వరస కూనిరాగం తీస్తోంది.

ముందు గొంతు సంగతి చెప్పాలి. క్యాసెట్ మొదట్లో పాటల పేర్లు నువ్వే చెప్పావు. ఎంత గంభీరమైన గొంతురా! కాలేజీలో నీది పీల గొంతు, హాజరు పలికితే ఆడపిల్లలు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. కలకత్తా నీళ్ళు నీకు బాగా పడ్డాయన్నమాట.

ఇక పాట. తాళం మొదలయ్యాక గాని నీ పాట మొదలవదు. మావాళ్ళు దీన్ని అనాగతం అంటారు. ఎడమ చెయ్యి సమం దగ్గర, అంటే తాళం మొదటి దెబ్బ మీద, నొక్కాల్సిన కింది స్వరాన్ని చాలాసార్లు వదిలేస్తున్నావు. అక్కడ వస్తుందని చెవి ఎదురు చూస్తుంది, నువ్వు ఇవ్వవు, చెవే వేసుకుంటుంది. ఇది కావాలని చేశావో, బద్ధకమో రాయి. ఇంకోటి. ఒకేచోట చిన్న గాంధారం, పెద్ద గాంధారం రెండూ పెడుతున్నావు. మొదట విని చెవులు మూసుకున్నాను. మా గురువుగారు ఉంటే లేచి వెళ్ళిపోయేవారు. రెండు రోజులు ఆలోచిస్తే తట్టింది. పియానో మెట్టు నొక్కితే స్వరం నిలబడిపోతుంది, దాన్ని ఊపలేం, గమకం పలకదు. అందుకని చిన్న గాంధారాన్ని ముందు తాకి, పెద్దదాని మీదకి జారుతున్నావు. గమకం పలకని వాయిద్యంలో గమకం కోసం నువ్వు పడ్డ పాట్లు అవి. నాకు చాలా ముద్దొచ్చావురా.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది నీ నిదానం. మనం కాలేజీ ఎగ్గొట్టి బందరు లాకుల దగ్గర కూర్చునేవాళ్ళం కదా. బియ్యం పడవ వచ్చి లాకులో ఆగేది. తలుపులు మూసేవాళ్ళు. లోపలి నీళ్ళూ కాలవ నీళ్ళూ ఒక మట్టానికి వచ్చేదాకా పడవవాడు చుట్ట కాలుస్తూ కూర్చునేవాడు, తొందరపడేవాడు కాదు. నీ పాట అచ్చం అలా ఉంది. ఒక్కో స్వరం వచ్చి కూర్చుని, చుట్టూ చూసి, అప్పుడు లేస్తుంది. ఈ మాట మీదే ఇరవై పేజీలు రాశాను. అధ్యాయం పేరు ‘ఫిన్నీ నిదానం’. నేను ఇంత బాగా ఎన్నడూ రాయలేదని రాజేశ్వరి అంది. ఆవిడ ఊరికే పొగడదని నీకు తెలుసు.

దుర్గాశంకర్ డిసెంబరు రెండో శనివారానికి హాలు మాట్లాడేశాడు. సభ మృదంగం ఆయన నీ పక్కన కూర్చుంటానని ముచ్చటపడుతున్నాడు. సరే అనరా.

సుబ్బారావు


బందరు
ఆగస్టు 3

ఒరేయ్ సుబ్బారావూ,

నువ్వు ఎవడి గురించి రాశావురా?

కలకత్తాలో నా పేరు రైలు ఫిన్నీ. నేను వాయిస్తుంటే భోజనానికొచ్చినవాళ్ళు గబగబా తినేసి లేచిపోతున్నారని హోటలు మేనేజరు గొడవపెట్టేవాడు. ‘బందరు లాకులు’లో నేను ఆగిందెక్కడ? ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగలేదు. తలుపులు ఎత్తగానే నీళ్ళు దూకుతాయే, నేను కట్టింది అది. నీకు కనపడింది చుట్ట కాలుస్తున్న పడవవాడు.

రెండుసార్లు చదివించుకున్నాను, అర్థం కాలేదు. మూడోసారి ఆ గంభీరమైన గొంతు దగ్గర నాకు వెలిగింది. నా గొంతు ఇప్పటికీ పీలే, తెరేసమ్మే సాక్ష్యం. నీ కొత్త మోటారు నిదానంగా తిరుగుతోందిరా, మొద్దూ! అందుకే పాట సాగింది, శ్రుతి దిగింది, నాకు ఎద్దు గొంతొచ్చింది. నువ్వు ఇరవై పేజీలు రాసింది ఆ మోటారు శైలి మీద. డిసెంబరులో దాన్నే వేదికెక్కించి శాలువా కప్పండి.

రెండు గాంధారాల మాట మాత్రం ఏ వేగంలోనైనా నిజమే. నాతో ఏళ్ళ తరబడి వాయించినవాళ్ళు ఎవరూ ఆ ముక్క పట్టుకోలేదు. ఎడమ చెయ్యి వదిలేయడం బద్ధకం. రాసుకో.

కచేరీకి మాత్రం రాను. మీ హాల్లో చెమ్మ ఉంటుంది, అద్దె పియానో శ్రుతి నిలవదు, నాకు ప్రయాణం పడదు. ఇన్ని కారణాలు చాలా, ఇంకా కావాలా?

ఫిన్నీ

అన్నయ్యగారికి తెరేసమ్మ నమస్కారాలు. కవరు అంటించే పని నాదే కాబట్టి అడుగున ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఈయనకి వేళ్ళ కీళ్ళకి వాతం వచ్చి రెండేళ్ళయిందండి. పొద్దునపూట కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటారు. మునుపటి వేగం ఇంక రాదని తెలిశాక పియానో మూత వేసి, పైన గుడ్డ కప్పి, దాని మీద నా కుట్టుమిషను సామాను పెట్టించేశారు. చర్చిలో వాయించమని అడిగినా కోపమే. చెమ్మా, ప్రయాణమూ ఏం కాదండి. మీరు మరోలా అనుకోకూడదని రాశాను. నేను రాసినట్టు ఈయనకి తెలియనివ్వకండి.


గవర్నర్‌పేట
ఆగస్టు 18

ఒరేయ్ ఫిన్నీ,

దుర్గాశంకర్ ఇంటి నుంచి వేరే టేప్ రికార్డర్ తెప్పించి విన్నాను. నీది పీల గొంతే. రాజేశ్వరి నవ్వీ నవ్వీ పొలమారి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ నవ్వింది. “ఇన్నాళ్ళూ ఊళ్ళో విద్వాంసులందరికీ శ్రుతి తప్పిందని రాశారు కదండీ, అప్పుడు కూడా ఈ మోటారేనా?” అని అడిగింది. మా ఇంట్లో నాకు దక్కుతున్న గౌరవం ఇదిరా.

నీ పాట అసలు వేగంలో బ్రహ్మాండంగా ఉంది. ఆ కుడిచెయ్యి మనిషి చెయ్యి అంటే నమ్మలేకపోయాను. అయినా నాకు దిగులేసింది. ఇన్ని వారాలు నా పక్కన కూర్చుని వాయించినవాడు ఒకడున్నాడు. వాడు అసలు లేడని తెలిస్తే ఎలా ఉంటుంది చెప్పు. అధ్యాయం చింపబోయాను. రాజేశ్వరి నా చేతిలోంచి లాక్కుంది. “ఆయన అలా వాయించకపోతే పోనివ్వండి. వాయిస్తే బాగుంటుంది కదా. అడిగి చూడండి” అంది.

అందుకని అడుగుతున్నాను. ఇరవై పేజీలూ ఇందులో పెట్టాను. ఒక్కసారి, మీ ఇంట్లోనే, ఎవరూ లేనప్పుడు, ‘బందరు లాకులు’ ఆ మోటారు వేగంలో వాయించి చూడు. నచ్చకపోతే పేజీలు పొయ్యిలో పెట్టెయ్. కచేరీ మాట ఎత్తను. దుర్గాశంకర్‌కి నీకు మంచు పడదని చెప్పి ఆపాను.

చెల్లెమ్మకి నా ఆశీస్సులు. ఆమె మాట నాకు ఎప్పుడూ గౌరవమేనని చెప్పు.

సుబ్బారావు


గవర్నర్‌పేట
సెప్టెంబరు 21

ఒరేయ్,

బతికున్నావా? ఉంటే రాయి. లేకపోతే చెల్లెమ్మని రాయమను.

సుబ్బారావు


బందరు
అక్టోబరు 2

ఒరేయ్ సుబ్బారావూ,

బతికే ఉన్నాను. పని చేస్తున్నాను. ఈ వయసులో నాకు పని పెట్టినందుకు నిన్నేం చేసినా పాపం లేదు.

నీ పేజీలు వారం రోజులు ముట్టుకోలేదు. ఒకరోజు మధ్యాహ్నం కుట్టుమిషను సామాను దించమన్నాను. నేను మనసు మార్చుకుంటానేమోనని తెరేసమ్మ పరుగున వచ్చి దించేసింది. మూత తీశాను. నీ మోటారు వేగం ఎంతో నాకు తెలీదు కాబట్టి, నువ్వు రాసినదాన్ని బట్టి ఊహించుకున్నాను. పడవవాడు చుట్ట కాల్చేంత.

మొదటిరోజు ఘోరంగా ఉంది. రైలులా పోతున్నప్పుడు ఏ స్వరాన్నీ నువ్వు ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. నిదానంగా వాయిస్తే ప్రతిదాన్నీ అడగాల్సి వచ్చింది. సగానికి సమాధానం లేదు, తీసేశాను. మిగిలినవాటి కింద ఎడమ చేత్తో పాత స్వరాలు నొక్కితే బరువుగా ఉన్నాయి, అవీ మార్చాను. పాటలో నాకు తెలియని ఖాళీలు బయటపడ్డాయి. వాటిలో ఏం పెట్టాలో తోచక, ఏమీ పెట్టకుండా ఉండటం నేర్చుకుంటున్నాను. ఇది పాత పాట కాదురా. పేరు అదే గాని, ఇది నేను ఈ నెల రోజుల్లో కట్టింది. స్వరాల కాగితం పెట్టుకునే స్టాండు మీద ఇప్పుడు నీ అధ్యాయం ఉంది. అందులో పదకొండో పేజీలో నేను చేస్తానని రాశావే, ఆ జారుడు, అది ఈ వేగంలో నాకింకా సరిగ్గా రావడం లేదు. ఏ ధైర్యంతో రాశావురా?

ఇంకో మాట. నా వేళ్ళు పాడయ్యాయి. నీకు తెలుసు. ఆగస్టులో నా ఉత్తరం అడుగున తెరేసమ్మ ఏం రాసిందో నాకూ తెలుసు. కవరు అంటించే పని తనదే గాని, ఆరోజు బల్ల మీద తెరిచిపెట్టి పాలు కాగుతుంటే వంటింట్లోకి పోయింది. చదివాను. నేనే అంటించి, నేనే తీసుకెళ్ళి పోస్టు డబ్బాలో వేశాను. నా నోటితో చెప్పుకోలేనిది ఆవిడ చెప్పేసింది, పోనీలే అనుకున్నాను. నీకు తెలిసి కూడా ఒక్క ముక్క ఎత్తలేదు. అందుకే నువ్వంటే నాకు ఇంత ఇష్టం. ఇది మళ్ళీ రాయను, దాచుకో.

ఈ వేగానికి నా వేళ్ళు పనికొస్తాయి. వస్తాను. దుర్గాశంకర్‌తో చెప్పు. సాయంత్రమే పెట్టాలి, పొద్దున నా వేళ్ళు నిద్రలేవవు. మృదంగం ఆయనకి నా నమస్కారాలు చెప్పి, దయచేసి వేదిక దిగి వినేవాళ్ళలో కూర్చోమను. కారు పంపు.

ఒక్కటే భయం. మధ్యలో వేలు బిగుసుకుంటుంది, ఇంట్లో అప్పుడప్పుడు అవుతోంది. ఇంట్లోనైతే తిట్టుకుని లేచిపోతాను. అంతమంది ముందు ఏం చెయ్యాలో తెలీదు.

ఫిన్నీ


గవర్నర్‌పేట
డిసెంబరు, ఆదివారం

ఒరేయ్ ఫిన్నీ,

నిన్న నువ్వు కారెక్కుతుంటే నేను ఏమీ మాట్లాడలేదు, చెల్లెమ్మ ఏమనుకుందో. నోరు విప్పితే ఏడ్చేవాణ్ణి. ఏడుపుతో సమీక్షకుడి పరువు పోతుంది. అందుకని కాగితం మీద మాట్లాడుతున్నాను.

దుర్గాశంకర్ పరిచయం చేసినంతసేపూ నీ మొహం చూశాను. పాశ్చాత్య సంగీత కళానిధీ, పియానో సరస్వతీ పుత్రుడూ అంటుంటే నువ్వు వెనక్కి తిరిగి ఎవరా అని చూశావు. మావాళ్ళు అలవాటు కొద్దీ తొడల మీద తాళం మొదలుపెట్టారు. ‘తెరేసమ్మ కోపం’ సగంలో అందరికీ తప్పిపోయింది, పక్కవాణ్ణి చూశారు, వాడికీ తప్పింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా విన్నారు. కంకిపాడు నుంచి మా బావమరిది రత్తయ్యని బలవంతాన రప్పించాను. ధాన్యం రేటు తప్ప వేరే మాట రాని మనిషి. అయిపోయాక నా దగ్గరకొచ్చి “బావా, ఈయన మళ్ళీ ఎప్పుడు వాయిస్తాడు?” అన్నాడు. నా జన్మలో వాడి నోట అలాంటి ప్రశ్న వినలేదు.

‘బందరు లాకులు’ గురించి రాయబోతే చెయ్యి ఆడటం లేదు. నా టేప్ రికార్డర్‌లో విన్నదానికన్నా బాగుంది. నేను రాసినదానికన్నా కూడా బాగుంది, ఒప్పుకోవడానికి కష్టంగా ఉన్నా ఒప్పుకుంటున్నాను. పదకొండో పేజీ వచ్చిందిరా నీకు!

రెండో చుట్టులో నువ్వు ఆగిపోయావు. కుడి చెయ్యి మెట్ల మీద అలాగే ఉండిపోయింది. హాల్లో ఫ్యాన్ల చప్పుడు వినిపించింది. చెల్లెమ్మ కుర్చీలోంచి సగం లేచింది, రాజేశ్వరి ఆమె చెయ్యి పట్టుకుంది. తర్వాత ఆ గాంధారం వచ్చింది, చిన్నది ముందు, పెద్దది వెనక. హాలంతా ఒక్కసారిగా ఆహా అంది. ముందు వరసలో పెద్దాయన ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

పుస్తకం మళ్ళీ అచ్చు వేయాలని దుర్గాశంకర్ అప్పుడే సందడి చేస్తున్నాడు. చివర్న ఒక పేజీ చేరుస్తాను. అందుకు నువ్వు ఒక్క ప్రశ్నకి నిజం చెప్పాలి. అక్కడ ఆగమని నా అధ్యాయంలో ఎక్కడా లేదు. ఆగింది వేలా, నువ్వా?

సుబ్బారావు


బందరు
డిసెంబరు 20

ఒరేయ్ సుబ్బారావూ,

కుట్టుమిషను సామానుకి వేరే బల్ల కొన్నాం. కొత్త పాట ఒకటి మొదలుపెట్టాను. ఆదివారాలు చర్చిలో వాయిస్తానని ఫాదర్‌కి మాటిచ్చాను, ఇప్పుడు ప్రార్థన చాలా పొడుగవుతోందని పిల్లలు గొడవ.

నీ ప్రశ్నకి జవాబు. ఆగింది వేలే. ఉంగరపు వేలు బిగుసుకుపోయింది. అయిపోయింది, లేచి దణ్ణం పెట్టి దిగిపోదామనుకున్నాను. అప్పుడు తలెత్తి మిమ్మల్ని చూశాను. ఎవరూ జాలిగా చూడటం లేదు. తొడల మీద తాళం వేసే మీ పెద్దలందరూ మెడలు ముందుకు సాచి, తర్వాతి స్వరం ఏమిటా అని ఎదురు చూస్తున్నారు. ఆ ఆగడం పాటలోదే అనుకున్నారు. అన్ని సంవత్సరాలు కలకత్తాలో వాయించాను గాని, వినేవాళ్ళ మొహాలు నేను ఎప్పుడూ చూడలేదురా. చూసే తీరిక ఉండేది కాదు.

అంతలో వేలు వదిలింది. వదిలాక కూడా నేను వెంటనే వాయించలేదు. బాగుందని ఇంకొంచెంసేపు అలాగే కూర్చున్నాను. ఆ కొంచెంసేపు మాత్రం నాదే, పుస్తకంలో రాసుకో.

ఫిన్నీ